గడప దాటని నడక

జనగామ చుట్టుపక్కల పల్లెల్లో ఎవరికైనా పక్షవాతం వస్తే "కాలూ చెయ్యీ పడిపోయినయట" అని చెప్పుకుంటారు. మాట పడిపోయిందంటారు, మూతి వంకర పోయిందంటారు. నాలుగు వారాలు గడిచాక పలకరింపు మారుతుంది. "లేచి తిరుగుతుండా?" అని అడుగుతారు. మానుకోట (మహబూబాబాద్) సంతలో ఎదురైనవాళ్లు అడిగినా, భూపాలపల్లి కార్మిక కాలనీలో పక్కింటివాళ్లు అడిగినా అదే ప్రశ్న. స్కానింగులో ఏం తేలిందని అడిగేవాళ్లు తక్కువ. తెలుగులో జబ్బంతా 'పడు' అనే మాట చుట్టూ అల్లుకుని ఉంది. జబ్బున పడ్డాడు, మంచాన పడ్డాడు, కాలు పడిపోయింది. కోలుకోవడమంటే లేవడం, తిరగడం.

పడడానికీ తిరగడానికీ నడుమ మరో దశ ఉంది. కాలికి కొంత బలం వచ్చింది, డాక్టరు నడవమన్నాడు, మనిషి మాత్రం మంచం దిగడు. మళ్లీ పడతానేమోనన్న భయం కాళ్లను కట్టేస్తుంది. ఇంట్లోవాళ్లకూ అదే భయం. "నాయినా, నువ్వు లేవకు, పడ్తవ్. నేనొస్త గద" అని కొడుకు, "అత్తమ్మా, కూసో, నీళ్లు నేనందిస్త" అని కోడలు ప్రేమతోనే ఆపేస్తారు. ఈ భయానికి ఊళ్లో పేరు లేదు. వైద్యశాస్త్రంలో కూడా చాలాకాలం లేదు. పూర్వపు వరంగల్ జిల్లాలోని ఈ మూడు ప్రాంతాలకు పక్షవాత వైద్యం ఎట్లా నడిచి వచ్చిందో వెనక్కి తిరిగి చూస్తే, ప్రతి దశలోనూ ఆ వైద్యం ఇంటి గడప దగ్గరే ఆగిపోయినట్టు కనిపిస్తుంది.

ఆయుర్వేద గ్రంథాలు దీన్ని పక్షాఘాతమన్నాయి, వాత రోగాల్లో చేర్చాయి. నూనె పట్టించడం, చెమట పట్టించడం, విరేచనం చేయించడం వాటి చికిత్స. తెలుగు వైద్యుడు బసవరాజు సంస్కృత శ్లోకాలకు తెలుగు జోడించి కూర్చిన బసవరాజీయం తరతరాలుగా ఊరి వైద్యులకు ఆధార గ్రంథం. దానికి పల్లె అనుభవం తోడైంది. వావిలాకు వేసి కాచిన నీళ్లతో కాపడం, నువ్వుల నూనెతోనో ఆముదంతోనో మర్దన, పథ్యం. పావురం రక్తం పూస్తే చచ్చుబడిన కాలు కదులుతుందన్న నమ్మకం కూడా తెలుగు పల్లెల్లో గట్టిగా పాతుకుపోయింది. ఆ రక్తం వల్ల కాలికి ఒరిగేదేమీ లేదు. మర్దన సంగతి వేరు. రోజూ ఒక మనిషి పక్కన కూర్చుని కాలూ చెయ్యీ కదిలిస్తే కీళ్లు బిగుసుకుపోకుండా ఉంటాయి, రోగికి తనను వదిలేయలేదన్న ధైర్యమూ దక్కుతుంది. ఆ వైద్యాన్ని పూర్తిగా కొట్టిపారేయడం న్యాయం కాదు. అయితే అదంతా పడుకున్న మనిషికి చేసే వైద్యం. నులక మంచం మీదే మొదలై అక్కడే ముగిసేది. లేపి నిలబెట్టి, బరువు కాలి మీద వేయించి, పడకుండా పట్టుకుని నడిపించే పని అందులో లేదు.

1880ల చివరికి నిజాం రైలు సికింద్రాబాద్ నుంచి కాజీపేట, వరంగల్, డోర్నకల్ మీదుగా బెజవాడ దాకా సాగింది. జనగామ, మానుకోట ఆ దారిలోని స్టేషన్లే. డోర్నకల్ నుంచి మరో పాయ ఇల్లెందు బొగ్గు గనులకు చీలింది. 1871లో విలియం కింగ్ ఆ ప్రాంతంలో బొగ్గు జాడ కనిపెట్టిన ఫలితమది. రైలు వచ్చింది గనుక జనగామ, మానుకోట రోగులకు హైదరాబాద్, వరంగల్ దారులు తెరుచుకున్నాయి. భూపాలపల్లికి ఆ భాగ్యం కలగలేదు. అక్కడ గనులొచ్చాయి, చెల్పూరులో కాకతీయ థర్మల్ కేంద్రం వచ్చింది, ప్రయాణికుల రైలు మాత్రం రాలేదు.

1959లో వరంగల్‌లో కాకతీయ వైద్య కళాశాల మొదలైంది. దాని అనుబంధ ఆసుపత్రి ఎంజీఎం దశాబ్దాల పాటు ఈ మూడు ప్రాంతాలకూ పెద్ద దిక్కయింది. కాలు పడిపోయిన మనిషిని ఎడ్లబండి మీదో, తర్వాత ఆటోలోనో రోడ్డు దాకా తెచ్చి బస్సెక్కించి ఎంజీఎంకు తీసుకుపోయేవాళ్లు. 2005 ఆగస్టు 15న 108 అంబులెన్సులు మొదలయ్యాక ఆ ప్రయాణంలో కొంత వేగం వచ్చింది. అప్పటికే అమెరికాలో, 1996లో, మెదడు రక్తనాళంలో గడ్డను కరిగించే మందుకు అనుమతి దొరికి ఉంది. మొదట మూడు గంటలన్నారు, తర్వాతి పరిశోధనలతో నాలుగున్నర గంటల దాకా ఇవ్వొచ్చని తేలింది. భూపాలపల్లి జిల్లాలోని మహాదేవపూర్ అడవంచు ఊరి నుంచి వరంగల్ స్కానింగు గదికి చేరే దూరాన్ని తలుచుకుంటే ఆ నాలుగున్నర గంటలు ఎంత చిన్నవో తెలుస్తుంది.

ప్రాణం దక్కితే డిశ్చార్జి. అక్కడి నుంచి మనిషి బాధ్యత ఇంటిది.

నడిపించే వైద్యం మన దేశానికి మరో జబ్బు వెంట వచ్చింది. బొంబాయి కేఈఎం ఆసుపత్రిలో 1950ల మొదట్లో తొలి ఫిజియోథెరపీ పాఠశాల పెట్టింది పోలియో పిల్లల కోసం. హైదరాబాద్ నిమ్స్ కూడా మొదట నిజాం ట్రస్టు కట్టించిన ఎముకల ఆసుపత్రే. వైద్య విజ్ఞాన సంస్థ అయింది తర్వాతే. పోలియో, విరిగిన ఎముకలు, ఆ తర్వాతే పక్షవాతం. ఇది వరస. ఫిజియోథెరపిస్టు వృత్తికి దేశమంతటా వర్తించే చట్టం 2021లో గానీ రాలేదు. ఎముక అతికితే మనిషి తనంత తాను నడుస్తాడన్న అంచనాతో పెరిగిన వృత్తికి, మెదడు దెబ్బతిన్న మనిషి నడక వేరే పాఠం.

ఆ పాఠాన్ని ప్రపంచం కూడా ఆలస్యంగానే నేర్చుకుంది. 1940ల దాకా పాశ్చాత్య దేశాల్లో బాగున్న చేత్తో పనులు చేసుకోవడం నేర్పి పంపేవాళ్లు. బెర్లిన్ నుంచి శరణార్థిగా లండన్ చేరిన బెర్తా బొబాత్ పక్షవాతం వచ్చిన ఒక చిత్రకారుడికి చికిత్స చేస్తూ, పడిపోయిన వైపును వదిలేయకూడదనీ, దాని మీదే పని చేయాలనీ వాదించింది. ఆమె పద్ధతిలోని కొన్ని అంశాలను తర్వాతి పరిశోధన వెనక్కి నెట్టింది. చచ్చుబడిన కాలి మీద బరువు వేయించాలన్న పట్టుదల మాత్రం నిలిచింది.

భయానికి పేరు పెట్టింది 1982లో. ఆ ఏడాది బ్రిటన్‌లో మర్ఫీ, ఐజాక్స్ అనే వైద్యులు పడిపోయి ఆసుపత్రిలో చేరిన 36 మంది వృద్ధుల గురించి రాశారు. కాళ్లు సాయపడకపోవడానికి తగిన కారణం కనిపించకపోయినా, వాళ్లలో చాలామంది ఊతం లేకుండా నడవలేక, చేతికందిన ప్రతిదాన్నీ గబుక్కున పట్టుకుంటున్నారు. అదే ఏడాది అమెరికా ఫిజియోథెరపీ పత్రికలో భాలా, ఒడానెల్, తోప్పిల్ అనే ముగ్గురు దీన్ని 'టోఫోబియా' అన్నారు. గ్రీకు మాటల్లో పడిపోతామన్న భయమనే అర్థం. 1990లో యేల్ విశ్వవిద్యాలయానికి చెందిన మేరీ టినెటి ఈ భయాన్ని కొలవడానికి పది ప్రశ్నల కొలమానం తయారు చేసింది. పడకుండా స్నానం చేయగలనన్న నమ్మకం ఎంత? మంచం ఎక్కి దిగగలనని? తలుపు చప్పుడైతే వెళ్లి తీయగలనని? అలమరలో వస్తువు అందుకోగలనని?

ఆ కొలత వల్ల ఒక సంగతి తేలిపోయింది. భయం నడకను తగ్గిస్తుంది. నడక తగ్గితే కండ కరుగుతుంది, తూకం తప్పుతుంది. అప్పుడు నిజంగానే పడతారు. పక్షవాతం వచ్చినవాళ్లకు ఇది మరీ ప్రమాదం. కాలి పాదం ముందుకు వాలిపోయి వేళ్లు నేలకు తగులుతుంటాయి, మోకాలు ఉన్నట్టుండి జారిపోతుంది, కొందరికి ఒక పక్కన ఉన్నదేదీ గమనానికి రాదు. వాడకపోవడంతో చచ్చుబడిన వైపు ఎముక పలచబడుతుంది. పడితే తుంటి విరిగేది ఎక్కువగా ఆ వైపే. అంటే భయపడేవాళ్లది పిరికితనమనడానికి వీల్లేదు. వాళ్ల లెక్క సగం నిజం. మిగతా సగం, కదలకుండా ఉంటే కలిగే నష్టం, వాళ్లకు ఎవరూ చెప్పలేదు.

ఇక టినెటి ప్రశ్నలను జనగామ జిల్లాలో ఒక పెంకుటింటి ముందుకు తెచ్చి చూడాలి. పాత ఇళ్లలో టేకు దర్వాజ, దాని కింద ఎత్తయిన గడప. పసుపు రాసి బొట్లు పెట్టిన గడపను తొక్కకూడదు, దాటాలి. మామూలు మనిషి ఆలోచించకుండా చేసే ఈ పనికి పాదాన్ని పైకి ఎత్తి, వేళ్లను పైకి మడిచి, ఆ క్షణంలో ఒంటి బరువంతా రెండో కాలి మీద నిలపాలి. పక్షవాతం సరిగ్గా ఈ మూడింటినే తీసుకుపోతుంది. గడప మీద కాలు ఆనించి దిగితే సులువే, కానీ జీవితమంతా గడప తొక్కని మనిషి ఆ వయసులో తొక్కడు. లోపలే ఉండిపోతాడు. గడప అవతల అరుగు, అరుగు దిగితే మోరి మీద వేసిన బండ, బండ దాటితే సీసీ రోడ్డు, దాని మీద ఎదురొచ్చే బర్రెలు, బైకులు. దర్వాజ గడప దాటగలవా, బండ మీద నిలబడగలవా, బర్రె మీదికొస్తే పక్కకు జరగగలవా, చావింటికి పోయి రాగలవా అన్నవి ఇక్కడి ప్రశ్నలు.

అన్నిటికంటే పెద్ద ప్రశ్న మరుగుదొడ్డిది. చెంబు పట్టుకుని చెలకల్లోకి పోయిన తరాలకు కాలు పడిపోవడమంటే ఆ పని కూడా మంచంలోకి రావడం, ఆడవాళ్లయితే ఆ సిగ్గుతో అన్నం తగ్గించుకోవడం. 2014 అక్టోబరు 2న మొదలైన స్వచ్ఛభారత్‌తో ఊరూరా మరుగుదొడ్లు లేచాయి. చెలక దాకా పోయే బాధ తప్పింది. కానీ వాటిలో ఎక్కువ భాగం గొంతుకూర్చునేవి, ఇంటికి దూరంగా దొడ్లో ఓ మూలన కట్టినవి. గొంతుకూర్చోవాలంటే రెండు చీలమండలూ పూర్తిగా మడవాలి. పక్షవాతం వచ్చిన కాలి పిక్క బిగుసుకుని మడమను పైకి లేపేస్తుంది. కూర్చుంటే వెనక్కి పడతారు, కూర్చున్నా లేవలేరు. గోడకు పట్టుకునే కడ్డీ ఉండదు. తడి గచ్చు, రాత్రి వెలగని బల్బు. కొన్ని ఇళ్లలో పాత కుర్చీ నడుమ కోసి పైన పెట్టుకుంటారు. ఆ కుర్చీని తయారు చేసిన కొడుకో అల్లుడో ఏ పుస్తకమూ చదవకుండానే సమస్య మూలాన్ని పట్టుకున్నాడు. ప్రభుత్వ నమూనాలో ఒక ఇనుప కడ్డీ ఉంటే ఎంతమంది మంచం దిగేవారో.

పడిపోతామన్న భయాన్ని ఎదుర్కోవడం ఈ నేలకు తెలియని విద్యేమీ కాదు. జనగామది తాటిచెట్ల సీమ. రఘునాథపల్లి మండలం ఖిలాషాపూర్‌లో కోట కట్టి మొఘల్ అధికారులను ఎదిరించిన సర్వాయి పాపన్న గీత కులంలోనే పుట్టాడు. గీత కార్మికుడు తన నడుమునూ చెట్టునూ కలిపి మోకు వేసుకుంటాడు, కాళ్లకు బంధం తగిలిస్తాడు, మోకు మీద బరువు వేసి వెనక్కి వాలతాడు. చెట్టును వాటేసుకుంటే పైకి జరగలేడు. మోకును నమ్మితేనే చేతులు ఆడతాయి. ఫిజియోథెరపిస్టు చేసే పనిలో పెద్ద తేడా లేదు. రోగి నడుముకు వెడల్పాటి పట్టీ కట్టి, దాన్ని పట్టుకుని, పడిపోయిన వైపు నిలబడతాడు. గోడనో మనవడి మెడనో వాటేసుకుని నడిచే రోగి బరువంతా బాగున్న కాలి మీదే వేస్తాడు, రెండో కాలు ఎన్నటికీ నేర్చుకోదు. పట్టీ మీద నమ్మకం కుదిరితే ఆ కాలి మీద బరువు వేసే ధైర్యం వస్తుంది. మోకు వేసే ఇంట్లో ఈ మాట చెబితే ఒక్క నిమిషంలో అర్థమవుతుంది. చెప్పేవాళ్లే లేరు.

చెట్టు మీంచి పడడాన్ని రాష్ట్రం ఇప్పుడు నివారించదగిన ప్రమాదంగా చూస్తోంది. 2024 జులైలో కాటమయ్య రక్షణ కవచం పేరుతో గీత కార్మికులకు భద్రతా కిట్లు ఇవ్వడం మొదలైంది. బొగ్గు గనిలో పైకప్పు కూలకుండా చూడడానికి నిబంధనలున్నాయి, తనిఖీలున్నాయి. భూపాలపల్లిలో సింగరేణి కార్మికుడికి పక్షవాతం వస్తే మాత్రం ఇంట్లో ముందు వినిపించే మాట మెడికల్ బోర్డు. అన్‌ఫిట్ అంటే వారసుడికి ఉద్యోగం, ఇంటికి జీతం. కుటుంబానికి అది ఎంతో ముఖ్యం, దాన్ని తప్పుపట్టేదేమీ లేదు. ఆ కాగితం వచ్చాక ఆ మనిషి మళ్లీ బజారు దాకా నడిచాడా లేదా అన్నది ఏ కాగితమూ అడగదు.

పింఛన్ల చరిత్రలోనూ ఇదే లోపం. 1995 వికలాంగుల చట్టం ఏడు రకాల వైకల్యాలను గుర్తించింది, 2016 చట్టం వాటిని 21 చేసింది. నలభై శాతం వైకల్యం ఉందని సదరం శిబిరంలో తేలితే పింఛను. తెలంగాణలో ఆసరా కింద 2014లో 1500 రూపాయలున్న వికలాంగుల పింఛను 2019లో 3016, 2023లో 4016 అయింది. మందులకూ పాలకూ ఆ డబ్బు నిజంగా ఆదుకుంటోంది. 2017 ఏప్రిల్ 1న నెల్లూరులో మొదలైన రాష్ట్రీయ వయోశ్రీ పథకం పేద వృద్ధులకు చేతికర్రలు, వాకర్లు, మూడు కాళ్ల, నాలుగు కాళ్ల కర్రలు ఇస్తుంది. కర్ర ఎత్తు మణికట్టు దగ్గరికి రావాలనీ, బాగున్న చేత పట్టాలనీ, కర్ర తర్వాత పడిపోయిన కాలు, ఆ తర్వాత మంచి కాలు కదపాలనీ దగ్గరుండి నేర్పకపోతే ఆ కర్ర తలుపు వెనక చేరుతుంది.

2016 అక్టోబరు 11న కొత్త జిల్లాలు ఏర్పడ్డప్పుడు జనగామ, మహబూబాబాద్, జయశంకర్ భూపాలపల్లి మూడూ జిల్లా కేంద్రాలయ్యాయి. 2018 చట్టంతో తండాలు సొంత పంచాయతీలయ్యాయి. జనాభాలో మూడో వంతుకు పైగా గిరిజనులున్న మహబూబాబాద్‌లో ఈ మార్పు బరువైనది. అక్కడే 2022లో ప్రభుత్వ వైద్య కళాశాల వచ్చింది, 2023లో జనగామకూ భూపాలపల్లికీ వచ్చాయి. 1959లో ఒక్క వరంగల్‌కు దక్కినది అరవయ్యేళ్లు దాటాక ఈ మూడు ఊళ్లకూ దక్కింది. పక్షవాత రోగికి ఆసుపత్రి ఇంత దగ్గరగా ఎప్పుడూ లేదు.

ఆ ఆసుపత్రి ఇంట్లోవాళ్లకు నాలుగు వ్యాయామాలు నేర్పి పంపితే సరిపోదా? ఈ ప్రశ్నకు మన దేశమే జవాబు వెతికింది. అటెండ్ అనే పరిశోధనలో 14 భారతీయ ఆసుపత్రుల నుంచి 1250 మంది పక్షవాత రోగులు పాల్గొన్నారు. సగం మంది కుటుంబాలకు ఆసుపత్రిలో శిక్షణ ఇచ్చి, ఇంటి దగ్గరా కొన్నాళ్లు తోడ్పడ్డారు. మిగతావాళ్లకు మామూలు వైద్యమే. 2017లో లాన్సెట్ పత్రికలో వచ్చిన ఫలితం ప్రకారం ఆరు నెలలకు చనిపోయినవాళ్లు, ఇతరుల మీద ఆధారపడినవాళ్లు కలిపి రెండు వర్గాల్లోనూ 47 శాతమే. కుటుంబాల ప్రేమలో లోటుందని దీని అర్థం కాదు. చదువుకుని చేయవలసిన పనిని వాళ్ల నెత్తిన పెట్టి ఊరుకుంటే కుదరదని అర్థం. తొందరపాటు కూడా పనికిరాదు. అంతకు రెండేళ్ల ముందు వచ్చిన అవర్ట్ అనే మరో పెద్ద పరిశోధన, జబ్బు వచ్చిన 24 గంటల్లోపే రోగిని పదే పదే లేపి ఎక్కువసేపు నడిపించడం మేలు చేయకపోగా ఫలితాన్ని కొంత దెబ్బతీస్తుందని చూపింది. ఎప్పుడు లేపాలి, ఎంత నడపాలి, ఎక్కడ పట్టుకోవాలి అన్నవి నేర్చిన చేతుల పని.

పాలకుర్తి గుట్ట మీద సోమేశ్వరుణ్ణి చూసుకుని రావాలనీ, కాళేశ్వరంలో గోదావరి మెట్లు దిగాలనీ, బతుకమ్మ చుట్టూ ఒక్క తిరుగుడైనా తిరగాలనీ మంచం మీద ఉన్నవాళ్లు కోరుకుంటారు. అవి పెద్ద కోరికలేం కావు. మూడు జిల్లాల ఆసుపత్రుల అధికారులు, పంచాయతీల పాలకులు చేయగల పని ఒకటుంది. వారానికి ఒక్క రోజు ఒక ఫిజియోథెరపిస్టును ఊళ్లోకి, తండాలోకి పంపాలి. డిశ్చార్జి కాగితం మీద మందుల పక్కన "ఇంట్లో గడప ఉందా, దొడ్డికి ఎట్లా పోతున్నారు, పడతానన్న భయం ఉందా" అన్న మూడు ప్రశ్నలు అచ్చువేయించాలి. మరుగుదొడ్డి గోడకు ఒక కడ్డీ బిగించడానికి పంచాయతీ నిధుల్లోంచి నాలుగు వందలో ఐదు వందలో తీయాలి. ఇది చదివేవారి ఇంట్లో అట్లాంటి మనిషి ఉంటే, ఈ సాయంత్రం వాళ్లు లేవబోతుంటే "కూసో" అనకండి. పడిపోయిన వైపు నిలబడి, నడుము దగ్గర పట్టుకోండి.